కనిపించని జబ్బు, వినిపించని మాట

గోదావరిఖనిలో మే నెల ఎలా ఉంటుందో అక్కడ ఒక్క వేసవి గడిపినవారికి చెప్పనక్కరలేదు. ఒక పక్క ఓపెన్‌కాస్టు గనులు, మరో పక్క రామగుండం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, నెత్తిన నలభై అయిదు డిగ్రీలు దాటే ఎండ. అటువంటి ఒక మధ్యాహ్నం, కార్మికుల కాలనీలోని రెండు గదుల క్వార్టరులో కూర్చుని ఒక చెల్లెలు తన సంగతి చెప్పింది. ముప్పై అయిదేళ్లు నిండలేదు. భర్త బాయి పనికి పోతాడు. ఆయనకు ఫస్టు షిఫ్టు ఉన్న వారం తెల్లవారకముందే పొయ్యి వెలగాలి. ఆ పొయ్యి దగ్గరే ఒకనాడు ఆమెకు కుడి కన్ను మసకబారింది.

రెండో కాన్పయి అప్పటికి మూడు నెలలు. బాలింత, రక్తం తక్కువ, అందుకే అన్నారు. నెల తిరిగేసరికి చూపు దానంతటదే వచ్చింది. అందరూ మరిచిపోయారు. రెండేళ్లకు కాళ్లు మొదలయ్యాయి. "నడుస్తుంటే కాళ్ల కింద దూది పరిచినట్టు ఉంటది అక్కా. బిందె ఎత్తుకుంటే చేతుల ఉన్నట్టే తెల్వదు, కింద పడితేనే తెలుస్తది" అంది. బిందె పడితే అత్త పనిదొంగ అంది. పొద్దున బాగానే నడిచిన మనిషి మధ్యాహ్నానికి మంచం పడితే భర్త నటన అన్నాడు. మూత్రం ఆపుకోలేక బయటికి పోవడం, పెళ్లిళ్లకు పేరంటాలకు పోవడం మానేస్తే పొగరు అన్నారు. ఆర్.ఎం.పి. డాక్టరు బలానికి సూదులు, సెలైన్లు ఎక్కించాడు. ఎవరో చేసిండ్రని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయారు. ఆరేళ్లు, నాలుగు ఆసుపత్రులు తిరిగాక హైదరాబాదులో తల ఎమ్మారై తీసి జబ్బు పేరు చెప్పారు. చెప్పింది కూడా ఆమెకు కాదు. "నాకు చెప్పలె అక్కా, ఆయనకు చెప్పిండ్రు. ఆయన వాళ్ల అమ్మకు చెప్పిండు. నాకు ఆమె చెప్పింది, కొట్లాటల" అంది.

ఆ జబ్బు పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్. అందరూ ఎం.ఎస్. అంటారు. మెదడు, వెన్నుపాము, కంటి నరాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దెబ్బతీసే జబ్బు ఇది. ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షల మందికి ఉన్నదని 2020లో అంతర్జాతీయ సంస్థలు లెక్కవేశాయి. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, కాన్పులు, చంటిపిల్లలు అన్నీ ఒక ఆడమనిషి మీద ఒకేసారి పడే వయసునే ఇది వెతుక్కుంటుంది.

హక్కుల పత్రికలో ఒక నరాల జబ్బు గురించి సంపాదకీయమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మన ఆరోగ్య చర్చ ఇంతకాలం ఎక్కువగా గర్భసంచి చుట్టూనే తిరిగింది. అది అవసరమే. కుటుంబ నియంత్రణ పేరుతో ప్రభుత్వాలు స్త్రీల శరీరాలపై చేసిన దాడిని ఎదుర్కోవడానికి ఆ చర్చ చేయక తప్పలేదు. కానీ స్త్రీ అంటే గర్భసంచి మాత్రమే కాదు. ఆమెకు నరాలున్నాయి, కళ్లున్నాయి, అలసట ఉంది. ఆ అలసటకు ఒక శాస్త్రీయమైన కారణం ఉండవచ్చుననే ఆలోచనే మన సమాజానికి రాదు. ఈ జబ్బు కథలో ఒక కొస రక్తకణం మీది సూక్ష్మమైన అణువు దగ్గర మొదలైతే, రెండో కొస అత్తింటి గడప దగ్గర తేలుతుంది. మధ్యలో మందుల కంపెనీలు, చట్టాలు, ఆసుపత్రి వరుసలు ఉన్నాయి. అందుకే ఇది మన విషయం.

ఈ జబ్బు చరిత్రలోనే ఆడవాళ్ల మాట నమ్మకపోవడం ఉంది. దీన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా 1868లో వర్ణించినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాఁ మార్టిన్ షార్కో. ఆయన పనిచేసిన పారిస్‌లోని సల్పెత్రియేర్ ఆసుపత్రి వేలాదిమంది పేద స్త్రీలను ఉంచిన చోటు. అదే ఆసుపత్రిలో, అదే వైద్యుడు, స్త్రీల హిస్టీరియాను సభలు పెట్టి ప్రదర్శించి పేరు తెచ్చుకున్నాడు. ఎం.ఎస్., హిస్టీరియా రెండూ ఒకే కప్పు కింద పెరిగాయి. ఆ తరువాత ఎన్నో దశాబ్దాలపాటు ఎం.ఎస్. ఉన్న ఎందరో స్త్రీలకు హిస్టీరియా అని చీటీ రాసి ఇంటికి పంపారు. మన దగ్గర ఆ మాటకు బదులు పూనకం, గాలి, బాణామతి, పనిదొంగతనం అంటారు. పేర్లు మారాయి, నమ్మకపోవడం మారలేదు.

మన దేశంలో మరొక అపోహ కూడా తోడయింది. ఇది చలి దేశాల తెల్లవాళ్ల జబ్బని, ఇక్కడ ముంబయి పార్శీలలో తప్ప పెద్దగా లేదని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఒకప్పుడు లక్షకు ఒకరు అన్నారు. ఎమ్మారై యంత్రాలు వచ్చి, నరాల వైద్యులు పెరిగాక మంగళూరు వంటి చోట్ల జాగ్రత్తగా వెతికితే లక్షకు ఎనిమిది మంది దాకా తేలారు. వెతికిన చోట జబ్బు కనిపించింది. వెతకని చోట 'మా దగ్గర లేదు' అనే మాట మిగిలింది.

ఇప్పుడు అసలు జబ్బు సంగతి. బొగ్గు గనుల ప్రాంతపు స్త్రీలకు దీన్ని వివరించడం కష్టం కాదని నా అనుభవం. గనిలో యంత్రాలకు కరెంటు తీసుకుపోయే కేబులు మీద మందపాటి తొడుగు ఉంటుంది. తొడుగు చిరిగితే కరెంటు సరిగా పోదు, యంత్రం ఆగి ఆగి నడుస్తుంది. మన నరాల మీద కూడా మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంది. ఎం.ఎస్.లో చిరిగేది అదే. ఏ నరం తొడుగు చిరిగితే ఆ పని కుంటుపడుతుంది. కంటి నరమైతే చూపు, వెన్నుపామైతే కాళ్లు, మూత్రం. శరీరం కొంత తొడుగును తిరిగి అతుకుతుంది కాబట్టి చాలామందికి మొదటి ఏళ్లలో జబ్బు వచ్చి పోతూ ఉంటుంది. ఆ వచ్చి పోవడమే చూసేవాళ్లకు నటనగా కనిపిస్తుంది. వేడి తగిలితే చిరిగిన తొడుగున్న నరం ఇంకా మొరాయిస్తుంది. శ్రమ పడితే చూపు కాసేపు మసకబారడం గురించి ఉఠాఫ్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే రాశాడు. పొయ్యి దగ్గర మసకబారిన ఆ చెల్లెలి కన్ను చెప్పిన నిజం అప్పటికే పుస్తకాల్లో ఉంది. రామగుండం ఎండలో, గాలి ఆడని వంటగదిలో ఈ జబ్బున్న స్త్రీ పడే బాధ నటన కాదు. చల్లబడితే ఆమె తేరుకోవడమూ మాయ కాదు.

తొడుగును చింపేదెవరు? సూక్ష్మక్రిములతో పోరాడవలసిన తెల్ల రక్తకణాలే. ఈ కణాల ఒంటి మీద రిసెప్టర్లు అనే అణువులు ఉంటాయి. తెలుగులో గ్రాహకాలు అంటున్నాం. బయటి సమాచారాన్ని కణం అందుకునేది వీటి ద్వారానే. గని గేటు దగ్గర టోకెన్ చూసి ఎవరు మనవాళ్లో, ఎవరు కాదో పోల్చుకున్నట్టు, టి కణం తన గ్రాహకంతో ఎదుటి కణం చూపించే ముక్కను పోల్చుకుంటుంది. మన సొంత శరీరాన్ని శత్రువుగా పోల్చుకునే టి కణాలను రొమ్ము ఎముక వెనకనున్న థైమస్ గ్రంథి చాలావరకు ముందే ఏరివేస్తుంది. కొన్ని తప్పించుకుంటాయి. ఎం.ఎస్.లో అలా తప్పించుకున్నవి మైలిన్ ముక్కను చూసి శత్రువనుకుంటాయి. బి కణాలనే మరో జాతి వాటికి తోడవుతుంది. ఇంటర్‌ల్యూకిన్ రెండు, ఏడు అనే రసాయన సందేశాలను అందుకునే గ్రాహకాల జన్యువుల్లో చిన్న తేడాలు ఈ జబ్బు అవకాశాన్ని కొద్దిగా పెంచుతాయని 2007లో తేలింది.

మరి ఈ పొరపాటు ఎందుకు మొదలవుతుంది? అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువతీయువకుల సమాచారం ఆధారంగా 2022లో ఒక పరిశోధన వెలువరించారు. ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకిన తరువాత ఎం.ఎస్. వచ్చే అవకాశం ముప్పై రెండు రెట్లు పెరిగిందని అందులో తేలింది. ఈ వైరస్ బి కణం మీది ఒక గ్రాహకాన్నే తలుపుగా చేసుకుని లోపలికి పోతుంది. అయితే ఒక జాగ్రత్త. ఈ వైరస్ లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది, పెద్దయ్యేసరికి దాదాపు మనుషులందరికీ సోకే ఉంటుంది. వారిలో ఎం.ఎస్. వచ్చేది ఏ కొద్దిమందికో. కాబట్టి ఎంగిలి అంటిందని, ముట్టుకుంటే అంటుకుంటుందని ఎవరైనా అంటే అది శాస్త్రం కాదు, వెలివేతకు సాకు. ఎం.ఎస్. అంటువ్యాధి కాదు. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చి తీరుతుందన్న మాట కూడా నిజం కాదు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఆ అవకాశం నూటికి రెండు మూడు దాటదు. పొగతాగడం, పక్కవాళ్ల పొగ పీల్చడం, ఒంట్లో డి విటమిను తక్కువ కావడం అవకాశాన్ని పెంచుతాయి. బొగ్గు ధూళి వల్లే వస్తుందని నిరూపించిన ఆధారమేదీ లేదు. ధూళి మీద మనం చేసే పోరాటానికి ఊపిరితిత్తుల నిండా ఆధారాలున్నాయి, లేనిదాన్ని కలుపుకోనక్కరలేదు.

గ్రాహకాల గురించి ఇంత చెప్పడానికి కారణం, గత ముప్పై ఏళ్లలో వచ్చిన మందులు చాలావరకు వాటి మీదే పనిచేయడం. 1993లో అమెరికాలో అనుమతి పొందిన బీటా ఇంటర్‌ఫెరాన్ తన గ్రాహకానికి అంటుకుని కణాల కోపాన్ని తగ్గిస్తుంది. 2004లో వచ్చిన నటాలిజుమాబ్ మరో పద్ధతిలో పనిచేస్తుంది. తెల్ల రక్తకణం రక్తనాళం గోడను పట్టుకుని మెదడులోకి దూరాలంటే ఆల్ఫా4 ఇంటెగ్రిన్ అనే గ్రాహకం చెయ్యిలా ఉపయోగపడుతుంది. ఈ మందు ఆ చేతిని కప్పేస్తుంది. పట్టు దొరకక కణం లోపలికి పోలేదు. 2010లో వచ్చిన ఫింగోలిమాడ్ నోటిమాత్ర. లింఫు గ్రంథుల నుంచి కణాలను బయటికి పిలిచే సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని ఇది కణం లోపలికి లాగేస్తుంది. షిఫ్టు కూత వినపడని కార్మికుల్లాగా కణాలు గ్రంథుల్లోనే ఉండిపోతాయి. రిటుక్సిమాబ్, 2017లో అనుమతి పొందిన ఆక్రెలిజుమాబ్ బి కణం మీది సి.డి.20 అనే గుర్తును పట్టుకుని ఆ కణాలనే తొలగిస్తాయి. కచ్చితంగా చెప్పాలంటే సి.డి.20 గ్రాహకమని ఇంకా తేలలేదు, కానీ గురి మాత్రం అదే. నెమ్మదిగా, ఆగకుండా ముదిరే రకం ఎం.ఎస్.కు మొట్టమొదట అనుమతి పొందిన మందు ఆక్రెలిజుమాబ్.

ఇవేవీ జబ్బును మాయం చేయవు. దాడుల సంఖ్య తగ్గిస్తాయి, అవిటితనాన్ని వెనక్కి నెడతాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఒకసారి నరమే చచ్చిపోయాక మందు చేయగలిగింది తక్కువ. ఆరేళ్ల ఆలస్యం అంటే ఏమిటో ఇక్కడ అర్థం చేసుకోవాలి. ఆ ఆరేళ్లు ఆమె పనిదొంగ అనిపించుకుంటూ గడిపిన కాలం మాత్రమే కాదు, మందు పనిచేయగలిగిన కాలం కూడా.

పైగా తలుపు మూస్తే దొంగతోపాటు చుట్టమూ రాడు. నటాలిజుమాబ్ వాడిన కొందరికి మెదడులో ప్రాణాంతకమైన వైరస్ వ్యాధి వచ్చి, 2005లో మందును మార్కెట్టు నుంచి ఉపసంహరించారు. గట్టి షరతులతో 2006లో తిరిగి అనుమతించారు. ఫింగోలిమాడ్ మొదటి మాత్రకు గుండె వేగం తగ్గవచ్చు. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు ఎదురు తిరగవచ్చు. గర్భిణులు వాడితే బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదముందని 2019లో ఐరోపా ఔషధ సంస్థ నిషేధించింది. రిటుక్సిమాబ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లేకుంటే నిద్రపోతున్న వైరస్ లేచి కాలేయాన్ని తినేస్తుంది. ఎం.ఎస్.ను పోలిన ఎన్.ఎం.ఓ. అనే మరో జబ్బు ఉంది, అది మరీ ఎక్కువగా స్త్రీలదే. దాన్ని పోల్చే రక్తపరీక్షకు దారి తీసిన పరిశోధన 2004లో వచ్చింది. ఆ జబ్బున్నవారికి ఎం.ఎస్. అనుకుని ఇంటర్‌ఫెరానో, ఫింగోలిమాడో ఇస్తే మేలు కాదు, కీడు జరుగుతుంది. ఈ సంగతులన్నీ మందు వేసుకునే మనిషికి ఆమె భాషలో ఎవరు చెబుతున్నారు? భర్తకు చెప్పి చీటీ చేతిలో పెడితే అది సమ్మతి అవుతుందా?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1980లలో పటాన్‌చెరులో నెట్ ఎన్ గర్భనిరోధక సూది ప్రయోగం జరుగుతున్నప్పుడు, మీ మీద జరుగుతున్నది ప్రయోగమని స్త్రీలకు చెప్పలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసినప్పుడు హాస్టల్ వార్డెన్ల సంతకాలనే తల్లిదండ్రుల సమ్మతిగా చూపించారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపవలసి వచ్చింది. 'సవాలక్ష సందేహాలు' వంటి పుస్తకం తెలుగులో ఎందుకు అవసరమైందో గుర్తు తెచ్చుకుందాం. శరీరం గురించిన జ్ఞానం హక్కులో భాగం. గ్రాహకం అనే మాట కూలీనాలీ చేసుకునే స్త్రీకి ఎక్కదని అనేవాళ్లు, ఆమె సెల్‌ఫోను ఎంత బాగా వాడుతున్నదో చూడాలి. అర్థం చేసుకోలేకపోవడం కాదు, అర్థం చేయించకపోవడమే అసలు కారణం.

గర్భం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జబ్బున్నదని తెలియగానే పిల్లలు వద్దు, ఉంటే తీయించు అనే సలహా ఇంకా వినిపిస్తున్నది. పన్నెండు ఐరోపా దేశాల్లో 254 మంది స్త్రీలను గమనించి 1998లో ప్రచురించిన పరిశోధన ఈ భయాన్ని తోసిపుచ్చింది. గర్భం చివరి మూడు నెలల్లో దాడులు బాగా తగ్గాయి. కాన్పయిన మొదటి మూడు నెలల్లో పెరిగాయి. తరువాత మామూలు స్థాయికి వచ్చాయి. రక్షణ కణాల మీద ఈస్ట్రోజన్ వంటి హార్మోన్ల గ్రాహకాలు ఉండడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. మన చెల్లెలికి కాన్పయిన మూడో నెలలో కన్ను మసకబారడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. బాలింతరాలికి చూపు తగ్గినా, ఒక పక్క తిమ్మిరెక్కినా 'బాలింతలకు మామూలే' అనకుండా నరాల వైద్యుడి దగ్గరకు పంపమని ఆశా కార్యకర్తలకు, ఏ.ఎన్.ఎం.లకు ఒక్క పూట శిక్షణ ఇస్తే ఎందరికో ఏళ్లు మిగులుతాయి.

ఇక మందుల ధర. నొప్పి కలిగించే విడ్డూరం ఇక్కడే ఉంది. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి సమరూప ఔషధాన్ని 2007లో తెచ్చింది హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్. మరో ఎం.ఎస్. మందు గ్లాటిరమర్‌ను హైదరాబాదు నాట్కో కంపెనీ తయారుచేస్తే, దాని భాగస్వామి కంపెనీ ద్వారా 2017లో అమెరికాలో అమ్మడానికి అనుమతి దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తన అత్యవసర ఔషధాల జాబితాలో ఎం.ఎస్. కోసం మొదటిసారిగా మూడు మందులను చేర్చింది. రిటుక్సిమాబ్, గ్లాటిరమర్, క్లాడ్రిబిన్. మూడింటిలో రెండు మన రాజధానిలో తయారయ్యాయి. గోదావరిఖని నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అట్లాంటిక్ సముద్రం దాటగలిగిన మందు ఈ దూరం దాటలేకపోవడానికి కారణం శాస్త్రం కాదు, ప్రాధాన్యాలు.

బొగ్గు గనుల పట్టణాల్లో 'మెడికల్ అన్‌ఫిట్' అనే మాట తెలియని ఇల్లు లేదు. కార్మికుడి శరీరం అరిగిపోతే దానికో మెడికల్ బోర్డు ఉంది, ఫైలు ఉంది. 1998లో ఆగిన వారసత్వ ఉద్యోగాల కోసం కార్మిక కుటుంబాలు ఏళ్లతరబడి కొట్లాడి, చివరికి కారుణ్య నియామకాలనైనా సాధించుకున్నాయి. అది న్యాయమైన పోరాటం. కానీ ఆ కార్మికుడిని మూడు షిఫ్టులకూ తయారుచేసి పంపే స్త్రీ అన్‌ఫిట్ అయితే? ఆమె శరీరం అరుగుదలను కొలిచే బోర్డు లేదు. ఆమె పని పనిగా లెక్కకు రాదు కాబట్టి ఆమె పని చేయలేకపోవడం కూడా లెక్కకు రాదు. కార్మికుడు అన్‌ఫిట్ అయితే ఇంటికి ఉద్యోగం వస్తుంది. ఇల్లాలు అన్‌ఫిట్ అయితే ఇంటికి సవతి వస్తుంది. ఆమె పుట్టింటికి పోతుంది. కంపెనీ ఆసుపత్రి వైద్యం ఆమెకు అందేది కార్మికుడి భార్యగా, అతని మీద ఆధారపడిన మనిషిగా. కాపురం పోతే నరాల జబ్బుకు వైద్యమూ పోతుంది. స్త్రీ ఆరోగ్య హక్కును మెళ్లో తాళికి ముడివేయడమంటే ఇదే. ఇక కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో ఈ కాస్త భద్రత కూడా గట్టిది కాదు. పని పోయిన నాడు అదీ పోతుంది.

2019లో కేంద్ర ప్రభుత్వం పగటి వేళ భూగర్భ గనుల్లో పనిచేయడానికి స్త్రీలను అనుమతించింది. గనుల్లో ఆడపిల్లలు ఉద్యోగాల్లో చేరుతున్నారు. వారిలో ఎవరికైనా రేపు ఈ జబ్బు వస్తే ఏమిటి? చట్టం ఏమంటున్నదో మన కార్యకర్తలు తెలుసుకోవాలి. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఎం.ఎస్. లేదు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21 చేసింది. అందులో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరుపెట్టి ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని 20వ సెక్షన్ చెబుతుంది. వికలాంగ స్త్రీల జీవనోపాధికి, పిల్లల పెంపకానికి తోడ్పాటు ఇవ్వాలని 24వ సెక్షన్, దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలని 25వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తున్నాయి.

అయితే చట్టం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంది. ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చే 34వ సెక్షన్‌లో ఏయే వైకల్యాలో వరుసగా రాశారు. ఆ వరుసలో ఎం.ఎస్. పేరు లేదు. ఇక సర్టిఫికెట్టు. చాలా సదుపాయాలకు నలభై శాతం వైకల్యం ఉండాలి. సదరం శిబిరమైనా, యు.డి.ఐ.డి. కార్డయినా మనిషిని ఒక్క రోజు చూసి శాతం వేస్తారు. వచ్చి పోయే జబ్బుకు ఈ కొలత ఎలా సరిపోతుంది? మంచి రోజున శిబిరానికి నడిచి వెళ్లగలిగిన స్త్రీకి వైకల్యం లేదంటారు. చెడ్డ రోజున ఆమె శిబిరానికి వెళ్లనే లేదు. అలసటను, మసక చూపును, మూత్రం అదుపు తప్పడాన్ని కొలిచే ఓపిక ఎవరికుంది? ఆ కాగితం లేకుంటే 2023లో తెలంగాణలో నెలకు 4,016 రూపాయలకు పెంచిన వికలాంగుల పింఛను ఆమె దరిదాపులకు రాదు.

మనం అడగవలసినవి ఆకాశంలో లేవు. రామగుండంలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దానికి పెట్టిన పేరులోనే సింగరేణి ఉంది, కట్టడానికి డబ్బు ఇచ్చింది ఆ కంపెనీయే. ఆ డబ్బు బొగ్గు తవ్వినవారిది, తవ్వేవారికి వండి పెట్టినవారిది. అక్కడ వారానికి ఒక రోజైనా నరాల జబ్బుల క్లినిక్కు నడపాలి. దాడి వచ్చినప్పుడు మూడు నుంచి అయిదు రోజులు ఇవ్వవలసిన స్టెరాయిడ్ సూది మందు ఖరీదైనది కాదు, దానికోసం ఎవరూ హైదరాబాదు పోనక్కరలేకుండా చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని మూడు మందులూ ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలి. సర్టిఫికెట్టు ఇచ్చే బోర్డులో నరాల వైద్యులుండాలి, ఏడాది పొడుగునా జబ్బు నడిచిన తీరును లెక్కలోకి తీసుకోవాలి. 34వ సెక్షన్‌ను సవరించాలి. కార్మికుడి భార్యగా పదేళ్లు కంపెనీ వైద్యం పొందిన స్త్రీకి కాపురం చెడినంత మాత్రాన ఆ వైద్యం ఆగకూడదు. జబ్బు పేరు, మందు గుణదోషాలు రోగికే, ఆమె భాషలో, ముందుగా చెప్పాలి.

మన ఇంటిపని కూడా కొంత ఉంది. మన సంఘాల దగ్గరకు వచ్చే కేసులను మళ్లీ ఒకసారి చూద్దాం. వరకట్నం, తాగుడు, అనుమానం అని రాసుకున్న వాటిలో 'పని చేయదు, ఎప్పుడూ పడుకుంటది' అనే ఫిర్యాదుతో వెళ్లగొట్టబడిన స్త్రీలు ఎందరు? వారిని ఒక్కసారైనా డాక్టరుకు చూపించామా? వదిలేయడానికి జబ్బు కారణం కాదని, మనోవర్తి ఇవ్వవలసిందేనని భర్తకు చెప్పగలిగినప్పుడే మన కౌన్సెలింగుకు అర్థం. మన సమావేశాలనే చూసుకుందాం. మెట్లెక్కి మూడో అంతస్తులో, మే నెలలో, మరుగుదొడ్డి లేని హాలులో కూర్చుని స్త్రీలందరి హక్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఎవరు రాలేకపోతున్నారో ఎన్నడూ అడగలేదు.

ఆ చెల్లెలు ఇప్పుడు ఆరు నెలలకోసారి మందు ఎక్కించుకుంటున్నది. పట్టుకుని నడుస్తుంది. మేం లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట అంది. "నాకు నయమయితదా కాదా అని అడుగుతలేను అక్కా. అప్పుడు నేను చెప్పింది నిజమే అని మా అత్తకు ఎవరన్న చెప్తే బాగుండు."

ఆమె చెప్పింది నిజమే. చెప్పే బాధ్యత మనది.